బాలి ద్వీపపు ప్రదర్శన కళలు: వాయాంగ్, గమెలాన్, నృత్యం

బాలి ద్వీపంలో సంగీతం, నృత్యం, నాటకం, తోలుబొమ్మలాట గుడి ఉత్సవాన్ని ఆనుకుని పెరిగిన కళలు. ఇండోనేషియాలో జావాకు తూర్పున ఉన్న ఈ చిన్న ద్వీపంలో అత్యధికులు హిందువులు. ప్రతి ఊరికీ కనీసం మూడు గుళ్లుంటాయి. చాలా గుళ్లకు 210 రోజుల పంచాంగం ప్రకారం ఓదాలాన్ అనే ఉత్సవం జరుగుతుంది. పెద్ద క్రతువు సక్రమంగా సాగాలంటే ఐదు ధ్వనులు కలవాలని బాలి ప్రజల నమ్మకం: పూజారి మంత్రం, గంట, భక్తిగీతం, గమెలాన్ వాద్యం, మొద్దును తొలిచి చేసే కుల్కుల్ మోత. అందువల్ల ప్రదర్శన ఇక్కడ దేవుడికీ పితరులకూ చెల్లించవలసిన రుణంగా, ఊరి ఉమ్మడి పనిగా సాగుతుంది. చూసేవారు లేకపోయినా కొన్ని ప్రదర్శనలు జరిగి తీరాలి. పర్యాటకుల వల్లే బాలి కళలు బతికాయన్న మాట తరచూ వినిపిస్తుంది. ద్వీపం చరిత్ర చూస్తే అందులో సగం కూడా నిజం లేదు.

చరిత్ర

క్రీ.శ. 896 నాటి బెబెతిన్ శాసనం వాద్యకారులను, పాటగాళ్లను, డోలు వాయించేవారిని, ముసుగు కట్టి ఆడేవారిని, బొమ్మలాడించేవారిని వేరువేరుగా పేర్కొంది. పదకొండు వందల ఏళ్ల కిందటే ఇవన్నీ ఇక్కడ గుర్తింపు ఉన్న వృత్తులన్నమాట.

పదో శతాబ్దం చివర జావా రాకుమారి మహేంద్రదత్త బాలి రాజు ఉదయనుణ్ణి పెళ్లాడింది. వారి కొడుకు ఐర్లంగ తూర్పు జావాను ఏలాడు. దాదాపు అదే కాలంలో జావా ఆస్థానాల్లో మహాభారత పర్వాలు కవి భాషలోకి, అంటే పాత జావా సాహిత్య భాషలోకి వచ్చాయి. విరాటపర్వాన్ని 996లో సభలో చదివి వినిపించారు. ఐర్లంగ కాలంలో ఎంపు కన్వ ‘అర్జునవివాహ’ కావ్యం రాశాడు. 1157లో ఎంపు సెదా మొదలుపెట్టిన ‘భారతయుద్ధ’ కావ్యాన్ని ఎంపు పనులుహ్ ముగించాడు. ఈ గ్రంథాలను తాటాకుల మీద తరతరాలుగా తిరగరాసి కాపాడిన ఘనత చాలావరకు బాలి పండితులదే.

1343లో మజాపహిత్ సామ్రాజ్యం బాలిని జయించింది. జావాలో ఆ సామ్రాజ్యం కూలి ముస్లిం రాజ్యాలు బలపడిన కాలంలో రాచకుటుంబాలు, పూజారులు, కళాకారులు బాలికి తరలివచ్చారు. గెల్గెల్, ఆ తర్వాత క్లుంగ్‌కుంగ్ ఆస్థానాలు వారికి ఆశ్రయమిచ్చాయి. జావాలో రూపు మారిపోయిన పద్ధతులు కొన్ని బాలిలో నిలిచి ఉండడానికి ఈ వలసే మూలం.

వాయాంగ్ కులిత్: తోలుబొమ్మలాట

వాయాంగ్ కులిత్ బాలి కళల్లో గౌరవం ఎక్కువ ఉన్నది. ఇది భారతదేశం నుంచి వచ్చిందా, జావాలోనే పుట్టిందా అన్న వాదం పండితుల్లో ఇంకా తెగలేదు. కథలు మాత్రం రామాయణ మహాభారతాలవే. ఎక్కువగా ఆడేది మహాభారతం. ఆ ఆటను వాయాంగ్ పర్వ అంటారు.

ఆటగాణ్ణి దలాంగ్ అంటారు. బొమ్మలను ఆడించేదీ, అన్ని పాత్రల గొంతులూ పలికేదీ, పద్యం పాడేదీ, వాద్యకారులకు సంజ్ఞ ఇచ్చేదీ అతనొక్కడే. తెల్లటి తెర వెనుక, మొహానికి ఎదురుగా వేలాడే కొబ్బరినూనె దీపం ముందు కూర్చుంటాడు. దీపం వేడికీ పొగకూ ఓర్చుకుంటూ మూడు నాలుగు గంటలు కథ నడపాలి. తెర అడుగున అరటిబోదె పడుకోబెట్టి ఉంటుంది. నిలబడవలసిన బొమ్మల కర్రలను అందులో గుచ్చుతారు. రెండు పక్కలా కూర్చున్న సహాయకులు బొమ్మలు అందిస్తుంటారు. దలాంగ్ కాలివేళ్ల మధ్య చెపాల అనే చిన్న కొయ్యసుత్తి ఉంటుంది. దానితో బొమ్మల పెట్టెను కొడుతూ మాటకు విరుపునిస్తాడు, యుద్ధానికి ఊపునిస్తాడు, వాద్యం మొదలవ్వాలో ఆగాలో చెబుతాడు.

ఒక పెట్టెలో వందకు పైగా బొమ్మలుంటాయి. ఆవుతోలును ఆరబెట్టి, సన్నని ఉలులతో చిల్లులు తొలిచి, రంగులద్ది వాటిని చేస్తారు. తెలుగు తోలుబొమ్మలు చూసినవారికి ఇక్కడ తేడా వెంటనే తెలుస్తుంది. ఆంధ్రలోని నిమ్మలకుంట బొమ్మల తోలు పల్చగా ఉండి దానిలోంచి రంగులు తెర మీదికి ప్రసరిస్తాయి. బొమ్మలు మనిషి ఎత్తుకు దగ్గరగా కూడా ఉంటాయి. బాలి బొమ్మ చిన్నది, దాని తోలులోంచి వెలుగు దూరదు. తెర మీద పడేది నల్లని నీడ, అందులో చిల్లులు గీసిన వెలుగు గీతలు. అయినా రంగులు వేయడం మానరు. జావా బొమ్మల్లో చేతులు, మెడ బాగా సాగదీసినట్టుంటాయి. బాలి బొమ్మల కొలతలు మనిషి శరీరానికి దగ్గరగా ఉండి, తూర్పు జావా గుళ్ల మీది పాత శిల్పాలను గుర్తుకు తెస్తాయి.

ఆటకు ముందు దలాంగ్ నైవేద్యం పెట్టి, మంత్రాలు చదివి, పెట్టె తట్టి బొమ్మలను మేల్కొలుపుతాడు. అతను పాటించే నియమాలు ‘ధర్మ పెవాయాంగన్’ అనే తాటాకు గ్రంథంలో ఉన్నాయి. మొదట తెర మీదికి వచ్చేది కయోనన్, ఆకు ఆకారంలో ఉండే కల్పవృక్షపు బొమ్మ. అది తెర నడుమ కదిలి లోకాన్ని సృష్టిస్తుంది, చివర మళ్లీ వచ్చి ఆట ముగిస్తుంది. దేవతలు, పాండవులు, వారి పక్షం దలాంగ్‌కు కుడివైపు. కౌరవులు, రాక్షసులు ఎడమవైపు.

రాజులు, ఋషులు, దేవతలు కవి భాషలోనే మాట్లాడతారు. అది చూసేవారిలో చాలామందికి అర్థం కాదు. దాన్ని వాడుక బాలి భాషలోకి తెచ్చేది సేవక పాత్రలు. కుడివైపు త్వాలెన్, మెర్దా. ఎడమవైపు డేలెం, సాంగుత్. డేలెం గొప్పలు చెప్పుకొనేవాడు, సాంగుత్ లోపల సందేహం పెట్టుకుని పైకి తలాడించేవాడు. తెలుగు ఆటలో కేతిగాడూ బంగారక్కా నవ్వించినట్టే వీరూ నవ్విస్తారు. కాని వీరి పని అంతకన్నా పెద్దది: కథకు వ్యాఖ్యానం, ఊరి సంగతుల మీద చురక, ధర్మ సందేహానికి జవాబు అన్నీ వీరి నోటే వస్తాయి. నల్లగా, బొజ్జతో ఉండే త్వాలెన్‌ను సాక్షాత్తు దేవుడి అవతారంగా బాలి ప్రజలు భావిస్తారు. పెట్టెలోని బొమ్మలన్నిటిలోనూ లోతైన పాత్ర ఇదే. దలాంగ్ తాహతు కూడా త్వాలెన్ నోట పలికించే మాటల్లోనే తేలుతుంది, ఎందుకంటే ఆ సంభాషణలకు రాతప్రతి ఉండదు. ఇతిహాసం నుంచి ఒక కొమ్మ తీసుకుని కొత్త కథ అల్లడం కూడా దలాంగుల సంప్రదాయమే.

మహాభారత ఆటకు తోడుండే సంగీతం గెండెర్ వాయాంగ్. గెండెర్‌లో పది కంచు పలకలు వరుసగా వేలాడుతుంటాయి, ఒక్కో పలక కింద వెదురు గొట్టం నాదాన్ని నిలబెడుతుంది. ఇవి నాలుగుంటాయి: రెండు పెద్దవి, వాటికి ఒక స్థాయి పైన పలికే రెండు చిన్నవి. శ్రుతి స్లెండ్రో అనే ఐదు స్వరాల అమరిక. వాద్యకారుడు రెండు చేతులతోనూ వాయించాలి. తదుపరి పలకను కొడుతున్నప్పుడే ముందు పలక నాదాన్ని అదే చేతి మణికట్టు పక్కతో ఆపాలి. బాలి వాద్యాల్లో అత్యంత కష్టమైనదిగా దీనికి పేరు. ప్రేమకు రెబోంగ్, పోరాటానికి బాతెల్, ప్రయాణానికి అంగ్‌కాత్-అంగ్‌కాతన్ అని సన్నివేశాన్ని బట్టి వాద్యరచనలున్నాయి. రామాయణం ఆడేటప్పుడు వీటికి డోళ్లు, తాళాలు, గాంగులు తోడవుతాయి. వానర సేనల యుద్ధానికి ఆ హోరు కావాలి.

క్రతువుకు సంబంధించిన వాయాంగ్ రూపాలు రెండు ముఖ్యమైనవి. మొదటిది వాయాంగ్ లెమా, పగటి ఆట. దీనికి తెర లేదు, దీపం లేదు. బాడిద కొమ్మలు రెండు నాటి, వాటి మధ్య తెల్లని దారం కట్టి, దాని ముందు బొమ్మలాడిస్తారు. ఒకపక్క పూజారి మంత్రం చదువుతుంటాడు, మరోపక్క వాద్యం మోగుతుంటుంది, జనం తమ పనుల్లో ఉంటారు. ఆట చూసేది దేవతలు కనుక మనుషులు కూర్చోవలసిన అవసరం లేదు. బాలిలో ప్రదర్శన ఎవరి కోసమన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన జవాబు మరెక్కడా కనిపించదు.

రెండోది వాయాంగ్ సాపుహ్ లెగెర్. 210 రోజుల పంచాంగంలో ముప్ఫై వారాలున్నాయి. ఇరవయ్యేడో వారం పేరే వాయాంగ్. ఆ వారంలో పుట్టినవారిని భటార కాల అనే దేవత మింగజూస్తాడని నమ్మకం. కథ ఇలా సాగుతుంది: అదే వారంలో పుట్టిన తమ్ముడు రరే కుమారుణ్ణి తినడానికి కాలుడు వెంటపడతాడు. కుమారుడు పరుగెత్తి, ఆట జరుగుతున్న చోట గెండెర్ వెదురు గొట్టంలో దాక్కుంటాడు. ఆకలితో వచ్చిన కాలుడు అక్కడి నైవేద్యం తినేస్తాడు. దలాంగ్ దాన్ని తిరిగి ఇమ్మని నిలదీస్తే ఇవ్వలేక, ఆ పిల్లవాణ్ణి వదిలేస్తానని ఒప్పుకుంటాడు. దలాంగ్‌కు దోషం తొలగించే శక్తినీ ఇస్తాడు. ఈ ఆట చివర దలాంగ్ తీర్థం సిద్ధం చేసి ఆ వారంలో పుట్టినవారి మీద చల్లుతాడు. తీర్థం ఇవ్వగలవాడు కనుక దలాంగ్ స్థానం పూజారికి సమీపంలో ఉంటుంది. ఆ వారం చివర వచ్చే శనివారం, తుంపెక్ వాయాంగ్ నాడు, బొమ్మలకూ వాద్యాలకూ పూజ చేస్తారు.

గమెలాన్

ఎక్కువగా కంచు వాద్యాలతో కూడిన బృందాన్నీ, ఆ సంగీతాన్నీ కలిపి గమెలాన్ అంటారు. బాలిలో రెండు డజన్లకు పైగా రకాలున్నాయి. దహనసంస్కారాలకు తరచూ మోగేది నాలుగు స్వరాల అంగ్‌క్లుంగ్. ఊరేగింపుల్లో తాళాల హోరుతో నడిచేది బాలగంజుర్. తెంగానన్ ఊళ్లో ఇనుప పలకల సెలోండింగ్‌ను అతి పవిత్రంగా కాపాడుకుంటారు. పడమటి జెంబ్రానా ప్రాంతంలో భారీ వెదురు గొట్టాలతో చేసే జెగోగ్ శబ్దం నేలను అదరగొడుతుంది. రాజుల కోసం వాయించిన సెమార్ పెగులింగన్ ఏడు స్వరాల మృదువైన బృందం.

ఒక గమెలాన్‌కు ఉన్న శ్రుతి మరో గమెలాన్‌కు ఉండదు. కొలిమిలోనే ఒక బృందంలోని వాద్యాలన్నీ ఒకదానికొకటి సరిపోయేలా తయారవుతాయి, అందుకే ఒక ఊరి వాద్యాన్ని మరో ఊరి బృందంలో కలపలేరు. ఈ పని పాండే అనే కమ్మరి వంశాలది. క్లుంగ్‌కుంగ్ దగ్గరి తిహింగన్ గాంగుల తయారీకి పేరున్న ఊరు.

బాలి గమెలాన్ నాదంలో వినిపించే మెరుపుకు కారణం జంట శ్రుతి. పలకల వాద్యాల్లో ప్రతిదానికీ ఒక జోడు ఉంటుంది. ఒకటి రవ్వంత తగ్గు, మరొకటి రవ్వంత హెచ్చు. తగ్గుదాన్ని పెంగుంబంగ్ అనీ హెచ్చుదాన్ని పెంగిసెప్ అనీ అంటారు. రెండూ ఒకే స్వరాన్ని కలిసి పలికితే వాటి తేడా వల్ల సెకనుకు సుమారు ఐదు నుంచి ఎనిమిది సార్లు నాదం పెరిగి తగ్గుతుంది. ఈ అలను ఓంబక్ అంటారు. ఒక్క వాద్యం ఒంటరిగా పలికితే నాదంలో ప్రాణం లేనట్టే లెక్క.

రెండో విశేషం కొతేకాన్. వేగంగా సాగే ఒక వరుసను ఇద్దరు పంచుకుంటారు. ఒకరిది పోలోస్ భాగం, మరొకరిది సంగ్సి భాగం. ఒకరు విడిచిన సందులో రెండోవారి దెబ్బ పడుతుంది. వినేవారికి ఒకే ధార వినిపిస్తుంది, కాని ఆ వేగాన్ని ఏ ఒక్కరూ అందుకోలేరు. దీన్ని సాధించడానికి నెలల తరబడి సాధన కావాలి. ఒకరు తప్పితే ఇద్దరిదీ చెడుతుంది.

బృందంలో పెద్ద గాంగు వలయానికి ముగింపు పలుకుతుంది. జెగోగన్, చలుంగ్ నిదానంగా మూలస్వరాలు నిలుపుతాయి. పది పలకల గాంగ్సాలు వాటి మీద అల్లికలు వేస్తాయి. పన్నెండు చిన్న కంచు గంటల రేయోంగ్‌ను నలుగురు పంచుకుంటారు. ఆడ, మగ అని పిలిచే రెండు కెండాంగ్ డోళ్లు వేగాన్నీ బలాన్నీ నడిపిస్తాయి. నర్తకి కంటి కదలికను చూసి డోలు వాద్యకారుడు బృందానికి సంజ్ఞ ఇస్తాడు.

రాతప్రతి చూసి వాయించడం ఈ సంప్రదాయంలో లేదు. గురువు వాద్యానికి అవతలి పక్క కూర్చుని తిరగేసి వాయిస్తాడు, శిష్యుడు ఆ కొయ్యసుత్తి కదలికను చూసి పట్టుకుంటాడు. వాద్యాలు సాధారణంగా బంజార్ సొత్తు. బంజార్ అంటే ఇరుగుపొరుగు కుటుంబాల సంఘం. పెళ్లి, చావు, గుడి పని అన్నీ దాని బాధ్యతే. వాయించేవారు సెకా అనే బృందంగా ఏర్పడతారు. వారు పగలు రైతులు, వడ్రంగులు, ఉద్యోగులు.

నృత్యాలు, నాటకాలు

బాలి నాట్యంలో మూలభంగిమను అగెం అంటారు. మోకాళ్లు వంచి, నడుము ఒకవైపు నొక్కి, భుజాలు ఎత్తి, మోచేతులు పైకి నిలపాలి. కనుగుడ్లు చటుక్కున పక్కకు దూకే కదలిక సెలెదెత్. గురువు పిల్ల వెనుక నిలబడి ఆమె చేతులు, తల, నడుము పట్టుకుని తిప్పుతాడు. కదలిక కంటి కన్నా ముందు ఒంటికి పడుతుంది.

నాట్యనాటకాల్లో పాతది గంబు. మజాపహిత్ ఆస్థానాల నుంచి వచ్చిందని చెప్పే ఈ నాటకంలో రాకుమారుడు పాంజి కథలుంటాయి, మీటరుకు దగ్గరగా ఉండే పొడవాటి వెదురు వేణువులు దీనికి వాద్యం. బాతువాన్ ఊరు దీన్ని కాపాడుకొచ్చింది. లెగోంగ్, అర్జా వంటి తర్వాతి రూపాలకు అడుగులూ అభినయమూ ఇక్కడి నుంచే వచ్చాయి. లెగోంగ్ చిన్నపిల్లల నాట్యం: బంగారు పూత వస్త్రాలు బిగించుకుని, విసనకర్రలు పట్టుకుని ఇద్దరు అమ్మాయిలు, వారికి చెలికత్తెగా చొందోంగ్ ఆడతారు. సుకావతి రాకుమారుడు ధ్యానంలో అప్సరసలను చూసి దీన్ని కూర్పించాడని సంప్రదాయం చెబుతుంది. బారిస్ వీరనృత్యం.

తోపెంగ్ ముసుగు నాటకం, బాలి రాజవంశాల చరిత్రలు దీని కథలు. తోపెంగ్ పజెగన్‌లో ఒక్క నటుడే ముసుగు మార్చి మార్చి మంత్రి, ముసలివాడు, రాజు, హాస్యగాడు అన్నీ తానే అవుతాడు. చివరగా సిదాకార్య అనే భయంకరమైన ముసుగు వచ్చి పసుపు బియ్యం చల్లితేనే క్రతువు పూర్తయినట్టు.

బరోంగ్, రంగ్డా పోరు చలొనరంగ్ కథతో ముడిపడింది. ఐర్లంగ రాజ్యాన్ని పీడించిన మంత్రగత్తె విధవ ఈ కథానాయిక. ఆమె ఉగ్రరూపమే రంగ్డా. సింహం పోలికలున్న బరోంగ్ ఊరికి రక్షకుడు. దాన్ని ఇద్దరు మోస్తారు. పూనకం వచ్చినవారు కత్తులను తమ గుండెల మీదికే తిప్పుకుంటారు, పూజారి తీర్థం చల్లి వారిని తేరుకునేలా చేస్తాడు. పోరులో ఎవరూ గెలవరు. రెండు శక్తులూ లోకంలో ఉండేవే అన్న బాలి తాత్త్వికత ఇందులో ఉంది. ఈ ముసుగులు గుడిలో పూజలందుకుంటాయి.

ఇరవయ్యో శతాబ్దం నుంచి

డచ్చి సేనలు 1906లో బదుంగ్‌ను, 1908లో క్లుంగ్‌కుంగ్‌ను పట్టుకున్నప్పుడు రాజకుటుంబాలు లొంగక, పుపుతన్ పేరిట ప్రాణాలు వదిలాయి. ఆస్థానాల పోషణ పోయింది. అవి పోషించిన కళ పోలేదు, ఎందుకంటే బంజార్లు అప్పటికే సగం బరువు మోస్తున్నాయి. మిగిలిన సగమూ వాటి మీదే పడింది. ఇదే కాలంలో ఉత్తరాన బులెలెంగ్ ప్రాంతపు ఊళ్లలో గోంగ్ కెబ్యార్ అనే గమెలాన్ శైలి పుట్టింది. 1915 నాటికి అక్కడ దాని పోటీలు జరుగుతున్నాయి. బృందమంతా ఒక్కసారిగా విరుచుకుపడే ఆరంభం, హఠాత్తుగా మారే వేగం దీని లక్షణాలు. నిదానమైన పాత వాద్యాలను కరిగించి కెబ్యార్ వాద్యాలు పోయించుకున్న ఊళ్లు చాలా ఉన్నాయి. కొత్త సంగీతానికి అది జీవం, పాత సంగీతానికి తీరని నష్టం. తబానన్‌కు చెందిన ఇ మారియో 1925లో కూర్చుని ఆడే కెబ్యార్ దుదుక్ నృత్యాన్ని, 1952లో ఓలెగ్ తములిలింగన్‌ను రూపొందించాడు.

1928లో ఓడియన్, బెకా సంస్థలు బాలిలో గ్రామఫోన్ రికార్డులు తీశాయి. వాటిని న్యూయార్కులో విన్న కెనడా స్వరకర్త కాలిన్ మెక్‌ఫీ 1931లో ద్వీపానికి వచ్చాడు. ఆయన రాసిన ‘మ్యూజిక్ ఇన్ బాలి’ ఆయన మరణానంతరం 1966లో వెలువడి నేటికీ ప్రామాణికంగా ఉంది. 1931లోనే పెలియాతన్ ఊరి బృందం పారిస్ వలసరాజ్యాల ప్రదర్శనలో ఆడింది; ఆ ఆట చూసిన ఫ్రెంచ్ నాటకకారుడు ఆంతోనాన్ అర్తో తన నాటక సిద్ధాంతాన్ని దాని మీద నిలబెట్టుకున్నాడు. కెచాక్ కూడా ఆ దశాబ్దపుదే. సంగ్యాంగ్ అనే పూనకపు క్రతువులోని మగవాళ్ల బృందగానాన్ని తీసుకుని, జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్, బెదులు ఊరి నర్తకుడు వాయాన్ లింబక్ వంటివారు రామాయణ కథతో కలిపారు. వలయాలుగా కూర్చున్న మగవాళ్లు ‘చక్’ అనే ధ్వనిని కొతేకాన్ పద్ధతిలో అల్లుతారు. పర్యాటకులు అనాదిదని భావించే ఈ ఆటకు ఇంకా వందేళ్లు నిండలేదు.

ఇండోనేషియాలో కమ్యూనిస్టుల మీద సాగిన 1965-66 మారణకాండలో బాలిలో వేలాదిమంది హతులయ్యారు, వారిలో కళాకారులూ ఉన్నారు. పర్యాటకం పెరిగేకొద్దీ పవిత్రమైన ఆటలు హోటళ్లకు చేరతాయన్న భయం పట్టుకుంది. 1971లో దెన్‌పసార్‌లో జరిగిన సదస్సు నృత్యాలను మూడు తరగతులుగా విభజించింది: గుడి లోపలి వలి, క్రతువుకు తోడుండే బెబలి, వినోదానికి బలిహ్-బలిహన్. గీత ఎక్కడ పడాలన్న వాదన నేటికీ ఉంది, అయినా ఏది అమ్మకూడదో ఏ ఊరికి ఆ ఊరు నిర్ణయించుకోవడానికి ఆ విభజన సాయపడింది. 1960లో మొదలైన సంగీత నృత్య పాఠశాల కోకార్, 1967లో వచ్చిన అకాడమీ, దాని నేటి రూపమైన, దెన్‌పసార్‌లోని ఇండోనేషియా కళా సంస్థ పల్లె గురువుల విద్యను తరగతి గదికి తెచ్చాయి. దీనివల్ల ఊరికో బాణీ ఉండే చోట ఒకే బాణీ వ్యాపించిందన్న విమర్శ న్యాయమైనదే. 1979 నుంచి ఏటా జూన్, జూలై నెలల్లో జరిగే బాలి కళోత్సవంలో జిల్లాల కెబ్యార్ బృందాలు పోటీపడతాయి. ఒకప్పుడు మగవాళ్లకే పరిమితమైన గమెలాన్‌ను నేడు మహిళా బృందాలూ వాయిస్తున్నాయి.

యునెస్కో వాయాంగ్‌ను 2003లో, బాలి నృత్యాల మూడు తరగతులను 2015లో, గమెలాన్‌ను 2021లో గుర్తించింది. టీవీ వచ్చాక రాత్రి వాయాంగ్‌కు జనం తగ్గారు. తబానన్ దలాంగ్ ఇ వాయాన్ నర్దయన ‘చెంక్ బ్లోంక్’ పేరుతో మైకులు, రంగు దీపాలు, పెద్ద గమెలాన్, నేటి రాజకీయాల మీద హాస్యం జోడించి వారిని మళ్లీ తెర ముందుకు రప్పించాడు. ఆ హాస్యం కథను మింగేస్తోందని పాతతరం దలాంగులు నొచ్చుకుంటారు. క్రతువుల వాయాంగ్‌కు మాత్రం ఈ తగ్గుదల వర్తించలేదు: దహనసంస్కారాలకూ గుడి ఉత్సవాలకూ, వాయాంగ్ వారంలో పిల్ల పుట్టిన ఇళ్లకూ దలాంగ్‌ను నేటికీ పిలుస్తూనే ఉన్నారు.